నా నిద్ర ఎవరి ఖాతాలో ఉంది

మార్చి 4, సోమవారం

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పెన్ను మూత తీశాను, మళ్ళీ పెట్టేశాను, లేచి వెళ్ళి ఆరిన బట్టలు మడతపెట్టాను. నేను బట్టలు మడతపెట్టడం చూసి మా ఆవిడ హడలిపోయింది. "ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?" అంది. బాగానే ఉందని చెప్పి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. మనుషులకి చెప్పుకుంటే నవ్వుతారు. కాగితానికి ఆ అలవాటు లేదు.

సంగతేమిటంటే, నా నిద్ర నాది కాదట.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. లైసెన్సు మళ్ళీ చేతికి రావాలంటే ఆవిడ సంతకం కావాలి. నన్ను అంకుల్ అంటుంది. నా కూతురి వయసు లేదు కాబట్టి తాతయ్యా అనాలి గానీ, అనకపోవడమే మర్యాద అనుకుంటుంది కాబోలు.

"అంకుల్, మీ నిద్ర రిపోర్టు కావాలి. మూడు నెలలది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు మీది. రాత్రుళ్ళు మాస్కు ఎంతసేపు ఉంచుకుంటున్నారో చూడకుండా మీ చేతికి స్టీరింగ్ ఇవ్వలేను."

"రోజూ పెట్టుకునే పడుకుంటున్నానమ్మా. చెప్తున్నాను కదా!"

"మీరు చెప్తే కాదు, మిషను చెప్పాలి."

ముక్కుకి తొండం లాంటి గొట్టం తగిలించి గాలి కొట్టే ఆ డబ్బాకి నాకంటే పరపతి ఉందన్నమాట. అది రాత్రంతా నా ఊపిరి లెక్క రాసుకుని కంపెనీకి పంపిస్తుందట. అక్కడినుంచి ఈవిడకి రావాలంటే, ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ళు ఫోనులో ఒక్క బటన్ నొక్కాలి. ఆవిడ కంప్యూటర్లో చూసింది.

"ఖాతా మీ పేరున లేదే. మీ అల్లుడు గారి పేరున ఉంది. పర్లేదు, ఆయనకి ఇప్పుడే మెసేజ్ పెడతాను. నొక్కమని మీరు కూడా ఒక మాట చెప్పండి."

మిషను కొన్నరోజు షాపువాడు ఫోను నంబరు అడిగాడు. నాది నొక్కుడు మీటల ఫోను, అందులో యాప్ పట్టదు. పక్కనే ఉన్న అల్లుడు తన నంబరు చెప్పాడు. అంతే. పాస్‌పోర్టుకి కూడా ఇంటికొచ్చి విచారిస్తారు. ఒక మనిషి నిద్ర మొత్తం ఇంకొకడి పేరున రాసేయడానికి రెండు నిమిషాలు పట్టింది.

ఆ అల్లుడితో నాకు మాటల్లేవు. ఆ రోజు నా పుస్తకాల వ్యాను గోడకి గుద్దుకున్నది బ్రేకు పట్టక. బ్రేకు. ఆ మాటే పోలీసాయనకి నేను చెబుతుంటే, పక్క సీటులోంచి దిగి, "లేదండీ, మామయ్య నిద్రపోయారు," అన్నాడు. వీధి వీధంతా నిలబడి చూస్తుండగా. దాంతో లైసెన్సు పోయింది, ఈ జబ్బు బయటపడింది. తొండం అతనే కొనిపెట్టాడు. పెడితే పెట్టాడు.

మార్చి 5

అతన్ని అడగను.

మార్చి 6

రాత్రి బుద్ధిగా మాస్కు పెట్టుకునే పడుకున్నాను. మధ్యలో ముక్కు దురద పెడితే తీశాను. దురదకి తీయడం లెక్కలోకి రాదు.

వ్యాను గేటు ముందే ఉంది. టైర్ల కింద ఎండుటాకులు చేరాయి. అద్దె పుస్తకాలు వీధివీధికీ తిప్పినవాణ్ణి. ఇప్పుడు జనమే వచ్చి, వెనక తలుపు తీయించుకుని, పుస్తకాలు తీసుకుపోతున్నారు. దూరపు వీధులవాళ్ళు రావడం మానేశారు. కాళ్ళు నొప్పులున్నవాళ్ళు ఎలా వస్తారు? నేను వెళ్ళేదే వాళ్ళ కోసం. కుట్టుమిషను పెద్దావిడ చేతిలో ఒక నవల సగంలో ఉంది, రెండో భాగం నా దగ్గర ఉంది. హంతకుడెవరో తెలియకుండా ఆవిడ అన్నం ఎలా తింటోందో!

మార్చి 7, గురువారం

కంపెనీకి ఫోను చేశాను. చాలాసేపు సంగీతం వినిపించారు. ఆ తర్వాత ఒక అమ్మాయి పలికింది. గొంతు తేనె.

"సార్, మీ డేటా మీదే. దాని మీద పూర్తి హక్కు మీకే ఉంది."

"చల్లని మాట చెప్పావు తల్లీ. పంపించు మరి."

"ఖాతాదారు నంబరు నుంచి చేయండి సార్."

"ఖాతా మా అల్లుడిది. పడుకునేది నేను."

"కావచ్చు సార్. మా రికార్డు ప్రకారం పడుకునేది వారే."

"అతని వయసెంతో చూడమ్మా అందులో! ఆ వయసులో ఎవరైనా రాత్రి నాలుగుసార్లు లేస్తారా?"

"ఆరోగ్య వివరాలు ఖాతాదారుతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకూడదు సార్. మీ ప్రైవసీ మాకు ముఖ్యం."

"ఎవరి ప్రైవసీ?"

"మీదే సార్."

ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. కావాలన్నాను. మళ్ళీ సంగీతం పెట్టింది.

మార్చి 9, శనివారం

కంపెనీ అమ్మాయి మాట్లాడిందంతా ఒప్పంద పత్రంలో ఉందట. కొన్నప్పుడు మనం ఒప్పుకున్నదే. జెరాక్స్ షాపుకి వెళ్ళి కంపెనీ సైటులోంచి మొత్తం అచ్చు తీయించాను. షాపాయన కట్ట చేతిలో పెట్టి, "ఇది చదవడానికా అండీ, తూకానికా?" అన్నాడు. ఆయన షాపు పెట్టాక దీన్ని అచ్చు తీయించుకున్న మొదటివాణ్ణి నేనేనట. నేను పుస్తకాలు మోస్తూనే చదువు నేర్చుకున్నవాణ్ణి, బడికి పోయింది తక్కువ. అందుకే అచ్చయింది ఏదైనా చివరిదాకా చదువుతాను. మందుసీసా మీది కాగితం కూడా వదలను.

ఇది మాత్రం నా ఓపికకి పరీక్ష పెట్టింది. ఎవరు రాశారో పేరు వేసుకోలేదు. సిగ్గుపడి ఉంటారు. మొదటి పేజీలోనే 'మేము' అని ఒక పాత్ర దిగుతుంది. మంచి మాటకారి. అన్నీ తనే చేస్తుంది, ఏదీ తన పూచీ కాదంటుంది. మధ్యలో 'మా భాగస్వాములు' అని ఒక గుంపు వస్తుంది. వాళ్ళెవరో ఆఖరుదాకా చెప్పరు. కానీ మనం పడుకున్న సంగతి వాళ్ళకి పంపించవచ్చు, వాళ్ళు దాన్ని పరిశోధనకి వాడుకోవచ్చు, మెరుగైన వస్తువులు తయారు చేసుకోవచ్చు. పడుకున్నవాడికి మాత్రం ఏ పేజీలోనూ పాత్ర లేదు. ఊపిరి ఎవరిదో ఆ మనిషి ఒక్కడే కథలో లేడు. ఇలాంటి నవల ఎవరైనా నా వ్యానుకి తెస్తే తలుపు వేసుకునేవాణ్ణి.

మా ఆవిడ అటుగా వచ్చి, "అంత చదివే బదులు అబ్బాయికి ఒక్క ఫోను కొడితే పోయేదిగా," అంది.

"అతనికి డాక్టరమ్మ మెసేజ్ వెళ్ళి ఎన్నిరోజులైంది? నొక్కాడా? నొక్కడు. కక్ష."

"కక్షా? మీమీదా?" అని ఒక రకంగా నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వు అర్థం అడిగేంత తీరిక నాకు లేదు, ఇంకా సగం కట్ట ఉంది.

మార్చి 12

మాస్కులు అమ్మే షాపునుంచి ఫోను. ఇంటికి మాస్కులు పంపించడానికని వాళ్ళ దగ్గర నా నంబరు ఉంది.

"సార్, మీ మాస్కు ఎడమవైపు లీకవుతోంది. కొత్త మోడల్ వచ్చింది, పంపమంటారా?"

నిజంగానే ఎడమవైపే లీకవుతుంది. మా ఆవిడకి కూడా చెప్పలేదు.

"లీకవుతోందని నీకెలా తెలుసు బాబూ?"

"డేటాలో చూపిస్తుంది సార్."

"ఆ డేటా ఏదో నాకు పంపించు నాయనా, నీకు పుణ్యముంటుంది."

"అయ్యో, మీకివ్వకూడదు సార్. ప్రైవసీ."

ఫోను పెట్టేసి వాకిట్లో అటూ ఇటూ తిరిగాను. నాకు రక్తపోటు ఎక్కిన సంగతి కూడా ఈపాటికి ఎక్కడో ఎవరికో తెలిసి ఉంటుంది. మాత్రలు అమ్మేవాడు ఎప్పుడు ఫోను చేస్తాడో!

మార్చి 13, బుధవారం

నిన్నటి కోపం తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో ఆలోచించాను.

నాదీ అలాంటి వ్యాపారమే కదా. ఏ ఇంట్లో ఎవరు ఏం చదువుతారో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. దర్జాగా తిరిగే ప్లీడరు గారు పిల్లల బొమ్మల కథలు పట్టుకెళతాడు, పైన అట్ట మార్చి ఇమ్మంటాడు. ఇస్తాను. ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి, "మా ఆవిడ ఈమధ్య ఏం పుస్తకాలు తీసుకుంటోంది?" అని అడిగాడు. ఆవిడ విడాకుల చట్టం మీద పుస్తకం తీసుకుంది. "ఆవిడ్నే అడగండి," అన్నాను. "అద్దె కట్టేది నేను," అన్నాడు. "అద్దె మీరు కడతారు, చదివేది ఆవిడ. చదివినవాళ్ళదే చదువు," అని వ్యాను తలుపు వేశాను. ఆయన చాలా రోజులు నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాడు. ఆవిడ మాత్రం పుస్తకం భద్రంగా తిరిగిచ్చింది. కాపురం నిలిచిందా లేదా నేను అడగలేదు.

ఇంకోసారి ఇంతకంటే చిక్కు తగువు వచ్చింది. ఒక లెక్చరరు గారు నా నవల అంచుల్లో పెన్సిలుతో వ్యాఖ్యానాలు రాశాడు. రచయిత రాసినదానికంటే అవే బాగున్నాయి. దాంతో ఆ ప్రతే కావాలని జనం వరసకట్టారు. ఆయనకి తెలిసి, "ఆ రాతలు నావి, పుస్తకం నాకిచ్చేయ్," అని వచ్చాడు. పుస్తకం నాది, కథ ఇంకొకరిది, పెన్సిలు గీతలు ఆయనవి. ఎవరికి ఇవ్వాలి? చివరికి ఆయన్ని వ్యానులోనే కూర్చోబెట్టి, గీతలన్నీ తెల్లకాగితాల మీద ఎత్తి రాసుకోమని చెప్పి, ఆ ప్రతి అద్దెకివ్వడం మానేశాను. జనం తిట్టారు. కానీ అందులో న్యాయముందని అందరికీ కనిపించింది.

కంపెనీలో నాలాంటివాడు ఒక్కడు ఉంటే బాగుండేది. ఏదో రాయబోయి నన్ను నేను పొగుడుకున్నాను. కొట్టేయను.

మార్చి 15

మా ఆవిడకి ఏదో శక్తి వచ్చింది. మిషను హోరు పడలేక పక్కగదిలో పడుకుంటుంది కదా, పొద్దున్నే కాఫీ ఇస్తూ, "మూడింటికే తీసేశారుగా తొండం," అంది.

"నీకెలా తెలుసు?"

"ఇన్నేళ్ళ కాపురం. తెలియదూ!"

నిజమే. ఇన్నేళ్ళ కాపురం అంటే అలాంటిదే.

మార్చి 18, సోమవారం

కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసిన ఉత్తరానికి జవాబొచ్చింది. మర్యాదకి లోటు లేదు. ఖాతాదారు కోరితే డేటా మొత్తం తుడిచేస్తారట. ఇంకొకరి ఖాతాలోకి మార్చడం మాత్రం కుదరదట.

తగలబెట్టడానికి ఒప్పుకుంటారు, తిరిగివ్వడానికి ఒప్పుకోరు. ఖాతా నా పేరున ఉంటే ఈ పాటికి అగ్గిపెట్టె వెతుక్కునేవాణ్ణి.

అల్లుడు ఇంకా నొక్కలేదు.

మార్చి 19

ఇవాళ్టితో సరి. వాళ్ళకి కావలసింది నా నిద్రేగా. ఇవ్వను. మిషను ప్లగ్గు పీకి, గొట్టం చుట్టి అలమారలో పెట్టాను. మా ఆవిడకి చెప్పలేదు. సమ్మె చేసేవాడు ఇంట్లో అనుమతి తీసుకోడు.

మార్చి 20, బుధవారం

తీరిగ్గా రాయాలి.

పొద్దున పళ్ళు తోముకుంటున్నాను. తలుపు ఎవరో విరిగిపోయేట్టు బాదారు. తీస్తే అల్లుడు. నెత్తిన హెల్మెట్ అలాగే ఉంది. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు, కుట్లన్నీ పైకి కనిపిస్తున్నాయి. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఉన్నారా," అన్నాడు.

ఇన్నాళ్ళ తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

"ఎక్కడికి పోతాను? బండి కూడా లేదు," అన్నాను. నోట్లో నురగ ఉండటంతో అనాల్సినంత గట్టిగా రాలేదు.

అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "గీత రాలేదు మామయ్యా. రోజూ లేవగానే చూస్తాను. రాత్రంతా మీ ఊపిరి ఒక గీతలాగ వస్తుంది. ఇవాళ ఖాళీ. ఫోను చేస్తే ఎత్తరు."

నా ఫోను సోఫా సందులో ఉంది. తర్వాత దొరికింది.

"సమ్మె," అన్నాను.

"ఏంటీ?"

"సమ్మె చేశాను. కంపెనీ మీద."

అతను నావంక చూసిన చూపు ఎలా రాయాలో తెలియడం లేదు. అప్పుడే పాలప్యాకెట్లతో మా ఆవిడ వచ్చింది. అల్లుణ్ణి చూసి కంగారుగా, "ఏమైంది బాబూ? నిన్నటిదాకా మూడింటికే తీసేస్తున్నారన్నావుగా, ఇవాళ అసలు పెట్టుకోనేలేదా?" అంది. అనేసి నాలుక కరుచుకుంది.

ఇదీ ఇన్నేళ్ళ కాపురం.

"ఓహో. రోజూ నా నిద్రని పొద్దున్నే పేపరులాగ చదువుకుని ఒకరికొకరు వినిపించుకుంటున్నారన్నమాట."

"చదవకపోతే ఎలా తెలుస్తుంది మామయ్యా? మీరు మాట్లాడరుగా."

"నేను మాట్లాడేట్టు చేశావా నువ్వు? అంతమందిలో నిద్రపోయారని చెప్పావు. బ్రేకు అని నేను చెబుతున్నా."

"మామయ్యా," అన్నాడు నెమ్మదిగా. "అప్పుడు మీ తల నా భుజం మీద ఉంది."

ఈ మాట రాయక్కర్లేదు. రాశాను కాబట్టి ఉండనిస్తాను. బ్రేకు కూడా పాతదే.

నేను వెళ్ళి నోరు కడుక్కుని వచ్చాను. కొంచెం ఎక్కువసేపే కడుక్కున్నాను. వచ్చేసరికి మా ఆవిడ అతని చేతిలో కాఫీ పెట్టింది. చొక్కా మాత్రం ఎవరూ తిప్పించలేదు.

"డాక్టరమ్మ మెసేజ్ వచ్చిందా నీకు?"

"వచ్చింది."

"మరి నొక్కలేదే?"

"నొక్కితే ఫెయిలవుతారు. సగం రాత్రుళ్ళు మధ్యలోనే తీసేస్తున్నారు. ఇంకో నెల ఆగితే సగటు పెరుగుతుంది, అప్పుడు పంపిద్దామని ఆగాను. అందుకే అత్తయ్యకి రోజూ చెబుతున్నాను. పెరుగుతోంది కూడా. ఇవాళ సున్నా కొట్టారు."

"అంటే నా తరఫున నువ్వే నిర్ణయించావు."

"మీ బండి మీకు రావాలనే కదా!"

"నా బండి. నా ముక్కు. నా ఊపిరి. అందులో ఏముందో షాపువాడికి తెలుసు, నీకు తెలుసు, ఈవిడకి తెలుసు. నాకొక్కడికే తెలియదు. దాన్ని మంచికే దాచానంటే ఏం చెప్పను? ఫెయిలైతే నేను ఫెయిలవుతాను, నాది నాకివ్వు."

"ఊరుకోండి, పాపం పరిగెత్తుకుంటూ వచ్చాడు," అంది మా ఆవిడ.

"వచ్చినందుకు కాదు నేను అరుస్తున్నది."

అతను జేబులోంచి ఫోను తీశాడు. ఏదో వెతికి, నావైపు తిప్పి చూపించాడు. "నొక్కమంటారా? నొక్కితే వెనక్కి రాదు."

"నొక్కు."

నిజంగానే ఒక్క బటనే.

పోతూపోతూ గేటు దగ్గర ఆగి, వ్యాను టైర్ల కింద ఆకులు కాలితో పక్కకి నెట్టాడు. నేను కిటికీలోంచి చూశాను. పిలవలేదు. రెండు రకాల కోపం వచ్చింది ఇవాళ, రెండోది ఎవరి మీదో తేలలేదు.

మార్చి 22, శుక్రవారం

డాక్టరమ్మ రిపోర్టు అచ్చు తీసి చేతికిచ్చింది. మూడు నెలల నా నిద్ర, రెండు కాగితాలు. నేను అక్కడే కూర్చుని చదివాను. రాత్రికొక గీత. మొదట్లో ఎగుడుదిగుడుగా ఉండి, పోనుపోను సాఫీ అయి, తెల్లవారుజామున కత్తెర వేసినట్టు తెగిపోతుంది. సగం గీతలు తెగాయి, తెగినవి దాదాపు అన్నీ అక్కడే. దురద ఇన్ని రాత్రుళ్ళు ఒకే వేళకి పెడుతుందని ఎవరికి చెప్పినా నమ్మరు.

ఇన్ని పుస్తకాలు చదివాను, నా గురించి రాసింది ఇదే మొదటిది. దొంగమాట ఒక్కటీ లేదు. అదే దాని లోపం.

"కుదరదు అంకుల్," అంది. "కానీ ఒక్క ఖాళీ రాత్రి తప్ప చివరి నెల మెరుగ్గా ఉంది. ఇంకో మూడు నెలలు తీయకుండా పెట్టుకోండి. అప్పుడు నేనే సంతకం పెడతాను."

"ఇది లైసెన్సు ఆఫీసుకి పంపిస్తావా అమ్మా?"

"నేనెందుకు పంపుతాను? సర్టిఫికెట్ ఇస్తే పంపేదాన్ని. ఈ కాగితాలు మీవి. ఎవరికి చూపించుకుంటారో మీ ఇష్టం."

ఇన్నిరోజుల్లో ఆ మాట అని, నాది నా చేతిలో పెట్టింది ఈవిడొక్కతే. అంకుల్ అన్నందుకు క్షమించాను.

అంటే ఇంకో మూడు నెలలు వ్యాను కదలదు. కుట్టుమిషను పెద్దావిడకి నవల రెండో భాగం ఆటోలో తీసుకెళ్ళి ఇచ్చాను. హంతకుణ్ణి ఆవిడ సగంలోనే కనిపెట్టేసిందట. పేరు చెప్పింది. తప్పు. చదవమని చెప్పి వచ్చేశాను.

మార్చి 25

మా అమ్మాయి తన పాత టచ్ ఫోను పంపించింది. అల్లుడే తెచ్చాడు. నా పేరున ఖాతా తెరవడానికి ఇద్దరం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. పాత రాత్రుళ్ళు కొత్త ఖాతాలోకి రావు. సున్నానుంచి మొదలు. డాక్టరమ్మకి కావలసింది కూడా ఇకముందువే కాబట్టి నష్టం లేదు.

"నా దగ్గరున్నవి తుడిచేయమంటారా?" అని అడిగాడు.

ఆలోచించాను. "ఉండనీ," అన్నాను.

తర్వాత ఫోను ప్రశ్నలు మొదలెట్టింది. మీ వివరాలు మా భాగస్వాములకి చూపించవచ్చా? వద్దు. పరిశోధనకి? వద్దు. మాస్కు అమ్మేవాళ్ళకి? అసలే వద్దు. కుటుంబ సభ్యులకి? అల్లుడు తల పక్కకి తిప్పుకుని గోడమీది గడియారం చూస్తున్నాడు. వద్దు అనే నొక్కాను. అన్నిటికీ వద్దన్నవాణ్ణి దాని ఒక్కదానికి అవుననడానికి చెయ్యి రాలేదు. అతను ఛార్జరు ఎక్కడ పెట్టాలో చూపించి వెళ్ళిపోయాడు.

మా ఆవిడ రోజంతా నాతో ముక్తసరిగా మాట్లాడింది. రేపటినుంచి తనకి పొద్దున్నే వార్తలు ఉండవు మరి.

మార్చి 26, మంగళవారం

పొద్దున ఫోను మోగింది. అల్లుడు.

"రాత్రి ఎలా పడుకున్నారు మామయ్యా?" అని అడిగాడు.

అయిదున్నర దాకా తీయలేదని చెప్పాను. సరేనని పెట్టేశాడు.